పట్టాలు పోయాయి, దారి మిగిలింది: పిట్స్‌బర్గ్–వాషింగ్టన్ సైకిల్ ట్రయల్‌ను ఎలా కట్టారు?

పిట్స్‌బర్గ్ పేరు వినగానే అమెరికాలోని తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది వేంకటేశ్వర స్వామి గుడి. 1970ల్లో కట్టిన ఆ గుడికి చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి ఇప్పటికీ కార్లలో వెళ్తుంటారు. వాషింగ్టన్ డీసీ నుంచి బయల్దేరితే నాలుగు, నాలుగున్నర గంటల ప్రయాణం.

ఆ రెండు నగరాల మధ్యే ఇంకో దారి కూడా ఉంది. పొడవు దాదాపు 538 కిలోమీటర్లు. కార్లు, బైకులు రానివ్వరు. నడిచి వెళ్లొచ్చు, సైకిల్ మీద వెళ్లొచ్చు. రోజుకు 75 కిలోమీటర్లు తొక్కగలిగితే సుమారు వారంలో ఈ చివరి నుంచి ఆ చివరికి చేరుకోవచ్చు. నడిస్తే మూడు వారాలు.

ఇంత పొడవైన దారిని ఏ ప్రభుత్వమూ ఒకేసారి మంజూరు చేయలేదు. ఒకే కాంట్రాక్టరు కట్టలేదు. ఒక భాగంలో అయితే మొదటి ముక్క ప్రారంభమైన నాటి నుంచి చివరి ముక్క పూర్తయ్యే దాకా 27 ఏళ్లు పట్టింది. ఎందుకు? మన నగరాల్లోనూ సైకిల్ ట్రాకులు, వాకింగ్ ట్రాకుల ప్రకటనలు వస్తున్న ఈ రోజుల్లో ఆ కథ తెలుసుకుంటే మీకూ పనికొస్తుంది.

అసలేంటీ దారి?

ఇవి నిజానికి రెండు దారులు. మేరీల్యాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ అనే ఊళ్లో కలుస్తాయి.

మొదటిది గ్రేట్ అలిగేనీ ప్యాసేజ్. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్లు, అంటే సుమారు 241 కిలోమీటర్లు. ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి దీన్ని అక్కడివాళ్లు ‘గ్యాప్’ అని పిలుస్తారు. చాలావరకు మూతపడిన రైల్వే లైన్ల మీద వేసిన దారి ఇది.

రెండోది చెసపీక్ అండ్ ఒహాయో కాల్వ గట్టు. కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ దాకా 184.5 మైళ్లు, సుమారు 297 కిలోమీటర్లు. గోదావరి, కృష్ణా డెల్టా కాల్వల్లో పడవలకు తాడు కట్టి గట్టు మీద నుంచి మనుషులు లాగిన రోజుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఇక్కడ ఆ పని కంచర గాడిదలు చేసేవి. అవి నడిచిన గట్టే ఇప్పుడు సైకిల్ దారి.

భూమి ఎక్కడి నుంచి వచ్చింది?

పొడవైన దారి కట్టాలంటే మొదటి సమస్య సిమెంటు కాదు, కంకర కాదు. భూమి. 240 కిలోమీటర్ల పొడవునా, సన్నగా, ఎక్కడా తెగకుండా భూమి కావాలి. కొత్తగా సేకరించాలంటే వందల మంది యజమానులతో మాట్లాడాలి. మధ్యలో ఒక్కరు కాదన్నా దారి అక్కడ ఆగిపోతుంది.

అలాంటి తెగని భూమి రైల్వేల దగ్గర ఉంది. 1916 నాటికి అమెరికాలో 2.54 లక్షల మైళ్ల రైలు మార్గాలు ఉండేవి. ఆ తర్వాత లారీలు, హైవేలు వచ్చాయి. ఒక్కో లైను మూతపడుతూ వచ్చింది. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో బొగ్గు, ఉక్కు కోసం వేసిన వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే లైను కూడా 1975లో ఆగిపోయింది.

పట్టాలు తీసేస్తే భూమి మిగులుతుంది కదా అనుకుంటాం. అక్కడే చిక్కు. చాలాచోట్ల రైల్వే కంపెనీకి ఉన్నది భూమి మీద యాజమాన్యం కాదు, రైలు నడుపుకొనే హక్కు మాత్రమే. మన పొలం గుండా పక్క రైతు బండి వెళ్లడానికి ఒప్పుకున్నట్టు అన్నమాట. బండి వెళ్లడం మానేస్తే ఆ బాట మళ్లీ పొలం యజమానిదే. అలాగే రైలు ఆగిపోతే లైను కింది భూమి ముక్కలు ముక్కలుగా పక్క యజమానుల చేతికి వెళ్లిపోతుంది. ఒకసారి అలా విడిపోయిన దారిని మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం.

దీనికి అమెరికా పార్లమెంటు 1983లో ఒక మార్గం కనిపెట్టింది. 1968 నాటి జాతీయ ట్రయల్స్ చట్టాన్ని సవరించి ‘రైల్‌బ్యాంకింగ్’ తెచ్చింది. లైను మూసేసినట్టు కాదు, భవిష్యత్తులో మళ్లీ రైలు అవసరం పడొచ్చు కాబట్టి దారిని అలాగే అట్టే పెట్టినట్టు లెక్క. ఈలోగా జనం నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. భూయజమానులు కోర్టుకెక్కారు. చట్టం చెల్లుతుందని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నష్టపోయామనుకునే యజమానులు ప్రభుత్వాన్ని పరిహారం అడగొచ్చని కూడా స్పష్టం చేసింది.

వెస్టర్న్ మేరీల్యాండ్ లైను మూతపడింది ఈ సవరణకు ముందే. అందుకే అక్కడ నేరుగా కొనాల్సి వచ్చింది. వెస్టర్న్ పెన్సిల్వేనియా కన్జర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ ఓహైయోపైల్ ప్రాంతంలోని లైను భూమిని కొని పెట్టింది. తర్వాత అది స్టేట్ పార్కులో భాగమైంది. ట్రయల్ అన్న ఆలోచనకు ఒక రూపం రాకముందే భూమి చేతికి రావడం తర్వాతి కథ మొత్తాన్ని మార్చింది.

కాల్వ గట్టును కాపాడింది ఒక నడక

కాల్వ వైపు కథ వేరు. 1828లో తవ్వకం మొదలుపెట్టి 1850 నాటికి కంబర్లాండ్ చేర్చారు. 1924 వరదల తర్వాత పడవలు నిలిచిపోయాయి. 1938లో ఫెడరల్ ప్రభుత్వం కాల్వను కొనేసింది. అంటే భూమి సమస్య లేదు, యజమాని ఒక్కరే.

కానీ 1950ల్లో ఆ కాల్వ దారిలో కార్ల రోడ్డు వేయాలని ప్రతిపాదన వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక దాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఒ. డగ్లస్ అది చదివి పత్రికకు ఉత్తరం రాశారు. రోడ్డు వేయాలంటున్నారు కదా, ముందు నాతో కలిసి ఈ గట్టు మీద నడిచి చూడండన్నది దాని సారాంశం. 1954 మార్చిలో ఆయన, పత్రిక సంపాదకులు, ప్రకృతి ప్రేమికులు కలిసి నడక మొదలుపెట్టారు. మొత్తం దూరం నడిచి పూర్తిచేసింది డగ్లస్‌తో సహా తొమ్మిది మందే. అయినా పత్రిక తన వైఖరి మార్చుకుంది. రోడ్డు ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. 1971లో కాల్వ నేషనల్ హిస్టారికల్ పార్కు అయింది.

ప్రభుత్వ భూమి అయితే చాలు, దారి భద్రం అనుకోవడానికి లేదని ఈ ఘటన చెబుతుంది. దాన్ని వాడుకునేవాళ్లు, అడిగేవాళ్లు కూడా ఉండాలి.

కట్టడం అంటే ఏం కడతారు?

రైలు లైనును సైకిల్ దారిగా మార్చడంలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. రైలు నిటారైన ఎత్తు ఎక్కలేదు. కాబట్టి వందేళ్ల కిందటే ఇంజినీర్లు కొండను తొలిచి, లోయకు వంతెన వేసి దారిని దాదాపు చదునుగా ఉంచారు. ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది.

గ్యాప్ ట్రయల్‌లో ఎత్తైన చోటు సముద్ర మట్టానికి 2,392 అడుగులు. కంబర్లాండ్ వైపు నుంచి అక్కడికి 38 కిలోమీటర్లు ఎక్కాలి. సగటున 100 మీటర్ల దూరానికి మీటరున్నర ఎత్తు మాత్రమే. పిట్స్‌బర్గ్ వైపు నుంచి అయితే 200 కిలోమీటర్లకు పైగా ఎక్కుతున్నట్టే తెలియని వాలు. పిల్లలు, పెద్దవాళ్లు కూడా ఈ దారి మీద కనిపించడానికి కారణం ఇదే. అమెరికా నిబంధనల ప్రకారం నడక దారి వాలు 5 శాతం దాటితే దాన్ని ర్యాంపు కింద లెక్కిస్తారు. ఇది దానికి చాలా దిగువన ఉంది.

ఇంకో విశేషం, ఆ ఎత్తైన చోటు ఒక నీటి గీత. తూర్పున పడిన వాన పటోమాక్ నది గుండా అట్లాంటిక్‌కు పోతుంది. పడమట పడింది ఒహాయో, మిసిసిపీ నదుల గుండా గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరుతుంది.

ఇక అసలు పనులు ఇవి:

• ఉపరితలం: పట్టాలు, స్లీపర్లు తీసేశాక రాతి పునాది మీద సన్నటి సున్నపురాయి పొడి పరిచి రోలర్‌తో గట్టిపరిచారు. తారు కంటే చౌక, కాళ్లకు మెత్తన. నగరం దగ్గర మాత్రం చాలాచోట్ల గట్టి రోడ్డే ఉంటుంది.

• వెడల్పు: ఎదురెదురుగా సైకిళ్లు, నడిచేవాళ్లు కలిసి వాడే దారికి కనీసం 10 అడుగులు ఉండాలన్నది అక్కడి రహదారి ఇంజినీర్ల సాధారణ ప్రమాణం. ఇరుకైన చోట్ల 8 అడుగులకు ఒప్పుకుంటారు.

• నీరు పోయే మార్గం: దారి పాడయ్యేది ఎక్కువగా నీటి వల్లే. పక్క కాలువలు పూడిపోకుండా, కింది తూములు మూసుకుపోకుండా చూడాలి.

• వంతెనలు: రైళ్ల బరువు మోసిన వంతెనకు సైకిళ్లు లెక్కలోకి రావు. కానీ పైన కొత్త నేల, పక్కన ఎత్తైన రెయిలింగ్ వేయాలి. మయర్స్‌డేల్ దగ్గరి సాలిస్‌బరీ వంతెన పొడవు 1,908 అడుగులు. కింద నది, హైవే, నడుస్తున్న రైల్వే లైను అన్నీ ఉంటాయి.

• సొరంగాలు: అన్నిటికంటే కష్టమైన పని ఇదే. బిగ్ సావేజ్ సొరంగం పొడవు 3,294 అడుగులు, అంటే కిలోమీటరు. ఏళ్ల తరబడి నీరు ఊరి, చలికాలంలో గడ్డకట్టి లోపలి గోడలు దెబ్బతిన్నాయి. లోపల మళ్లీ లైనింగ్ వేసి, నీరు బయటికి పోయే ఏర్పాటు చేసి, దీపాలు పెట్టారు. ఇప్పటికీ చలికాలంలో రెండు వైపులా తలుపులు మూసేస్తారు.

మరి 27 ఏళ్లు ఎందుకు?

మొదటి ముక్క 1986లో ఓహైయోపైల్ దగ్గర తెరిచారు. సుమారు తొమ్మిది మైళ్లు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పక్కనే హోమ్‌స్టెడ్‌లోని పేరుమోసిన ఉక్కు కర్మాగారం మూతపడింది. ఆ ఊరి గుండా కూడా ఒక రోజు సైకిల్ దారి వెళ్తుందని అప్పుడు చెబితే నమ్మేవాళ్లు తక్కువ.

తర్వాత దారి వరుసగా పెరగలేదు. ఎక్కడ భూమి దొరికితే అక్కడ, ఎక్కడ నిధులొస్తే అక్కడ ఒక్కో ముక్క తెరుచుకుంది. ఒక్కో ముక్క వెనుక ఒక్కో స్థానిక సంఘం. 1995లో ఈ సంఘాలు కలిసి అలిగేనీ ట్రయల్ అలయన్స్‌గా ఏర్పడ్డాయి. అప్పటి నుంచి నిధులు అడిగేటప్పుడు, రైల్వే కంపెనీలతో మాట్లాడేటప్పుడు ఒకే గొంతు వినిపించింది.

2006 నాటికి బిగ్ సావేజ్ సొరంగం దాటి కంబర్లాండ్ దాకా కలిసింది. కొండలు అయిపోయాయి. అసలు కష్టం నగరం దగ్గర మొదలైంది. అక్కడ మూతపడిన లైన్లు తక్కువ. నడుస్తున్న రైల్వే లైన్లు, ఫ్యాక్టరీల స్థలాలు, నది ఒడ్డు, వ్యాపారాలు, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కో ముక్కకు ఒక్కో ఒప్పందం కావాలి.

మనాంగహేలా నది మీద ‘హాట్ మెటల్ బ్రిడ్జి’ ఉంది. ఒకప్పుడు కరిగిన ఇనుమును రైలు బండ్లలో ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు తీసుకెళ్లిన వంతెన. 2007లో అది నడిచేవాళ్లకు, సైకిళ్లకు తెరుచుకుంది. అన్నిటికంటే చివర మిగిలింది శాండ్‌కాజిల్ వాటర్ పార్కు పక్కనుంచి వెళ్లే చిన్న ముక్క. ఒక పక్క వాటర్ పార్కు, ఇంకో పక్క రైలు పట్టాలు. ఆ ఇరుకు స్థలం కుదిరి, పని పూర్తయ్యి, 2013 జూన్‌లో మొత్తం దారి ప్రారంభమైంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పూర్తయ్యేదాకా ఏ ముక్కనూ మూసి ఉంచలేదు. పింకర్టన్ సొరంగం సంగతే చూడండి. అది బాగు చేయడానికి అప్పట్లో వీలు కాలేదు. నది వంపు చుట్టూ మైలున్నర అదనంగా తిప్పి దారి వేసి తెరిచేశారు. సొరంగాన్ని 2015లో, అంటే మొత్తం దారి ప్రారంభమయ్యాక బాగుచేశారు. మొదటి తొమ్మిది మైళ్ల మీద సైకిల్ తొక్కినవాళ్లే మిగతా దారి ఎప్పుడని అడగడం మొదలుపెట్టారు.

డబ్బు ఎవరిది? నిర్వహణ ఎవరిది?

నిర్మాణానికి డబ్బు చాలా చేతుల నుంచి వచ్చింది. 1991లో వచ్చిన ఫెడరల్ రవాణా చట్టం రోడ్ల నిధుల్లో కొంత వాటాను నడక, సైకిల్ సౌకర్యాలకు వాడుకునే వీలు కల్పించింది. దానికి రాష్ట్ర ప్రభుత్వ నిధులు, ఫౌండేషన్లు, వ్యక్తుల విరాళాలు తోడయ్యాయి.

నిర్వహణ దగ్గర రెండు దారులకూ తేడా ఉంది. కాల్వ గట్టు మొత్తం నేషనల్ పార్క్ సర్వీసుదే. గ్యాప్‌కు ఒకే యజమాని లేరు. కొంత స్టేట్ పార్కు, కొంత కౌంటీలు, మున్సిపాలిటీలు, కొంత స్వచ్ఛంద సంస్థలు. రోజువారీ పనిలో ఎక్కువ భాగం స్థానిక ట్రయల్ సంఘాల వాలంటీర్లు చేస్తారు. గడ్డి కోయడం, కూలిన చెట్లు తీయడం, పక్క కాలువలు శుభ్రం చేయడం. రిబ్బన్ కత్తిరించే కార్యక్రమం ఒక్క రోజే. ఈ పనులు మాత్రం ఏటా ఉంటాయి.

ఊళ్లకు కూడా మేలు జరిగింది. బొగ్గు గనులు, రైళ్లు పోయాక కళ తప్పిన చిన్న పట్టణాల కోసం 2007లో ‘ట్రయల్ టౌన్’ కార్యక్రమం మొదలుపెట్టారు. మయర్స్‌డేల్, కన్‌ఫ్లుయెన్స్, వెస్ట్ న్యూటన్ లాంటి ఊళ్లలో సైకిల్ షాపులు, చిన్న హోటళ్లు, రాత్రి బసకు గదులు వచ్చాయి. సైకిల్ మీద వచ్చేవాడు రోజూ ఎక్కడో ఒకచోట తినాలి, పడుకోవాలి. కారులో వెళ్లేవాడిలా ఊరిని దాటిపోలేడు.

హైదరాబాద్ ట్రాక్‌తో పోలిస్తే?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీకు తెలిసే ఉంటుంది. 2022 సెప్టెంబరులో శంకుస్థాపన, 2023 అక్టోబరు 1న ప్రారంభం. ఏడాదికి కాస్త ఎక్కువ.

అక్కడ 27 ఏళ్లు, ఇక్కడ ఏడాది ఎలా? దూరంలో తేడా ఉంది, సొరంగాలూ లేవు. అయితే ముఖ్యమైన కారణం భూమి. ఈ ట్రాక్ ఓఆర్‌ఆర్ ప్రధాన రోడ్డుకు, సర్వీస్ రోడ్డుకు మధ్య అప్పటికే చేతిలో ఉన్న స్థలంలో వచ్చింది. ఎవరినీ కొత్తగా అడగాల్సిన పని లేదు.

దీన్నిబట్టి ఒక లెక్క వేసుకోవచ్చు. భూమి ఒకే సంస్థ చేతిలో ఉంటే దారి త్వరగా వస్తుంది. ఊళ్లు, కాలనీలు, ఆఫీసులను కలుపుకొంటూ వెళ్లాలంటే మాత్రం చాలామంది యజమానులను, చాలా శాఖలను ఒప్పించాలి. ఆలస్యం అక్కడే జరుగుతుంది. జనానికి రోజూ ఉపయోగపడేది కూడా ఎక్కువగా అలా కలిసిన దారే.

మీ ఊళ్లో ట్రాక్ ప్రకటిస్తే ఏం అడగాలి?

1. భూమి ఎవరిది? మొత్తం పొడవునా ఏ శాఖ చేతిలో ఎంత ఉంది, రాతపూర్వక అనుమతి వచ్చిందా?

2. ఎక్కడ తెగుతుంది? మొత్తం కిలోమీటర్ల కంటే, మధ్యలో ఎన్నిచోట్ల ఆగి రోడ్డెక్కాలో చెప్పే మ్యాప్ అడగండి.

3. రోడ్డు ఎలా దాటాలి? కూడళ్ల దగ్గర సిగ్నలా, వంతెనా, లేక మీ తిప్పలు మీరు పడాలా?

4. మొదటి ముక్క ఎప్పుడు? మొత్తం పూర్తయ్యాకే తెరుస్తారా, అయినంత మేర వాడుకోనిస్తారా?

5. ఐదేళ్ల తర్వాత ఎవరు చూస్తారు? నిర్వహణకు ఏటా నిధులు ఏ ఖాతా నుంచి, ఫిర్యాదు ఎవరికి చేయాలి?

పట్టణ స్థానిక సంస్థలు, అభివృద్ధి సంస్థల నుంచి ఈ వివరాలను సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు.

మీరు ఆ దారిలో వెళ్లాలనుకుంటే

• సాధారణంగా డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా బిగ్ సావేజ్ సొరంగం మూసి ఉంటుంది. వసంతం చివర, శరదృతువు అనువైన కాలాలు.

• పిట్స్‌బర్గ్ నుంచి బయల్దేరితే వాలు తేలిక. కంబర్లాండ్ నుంచి ఎదురు వస్తే మొదటి 38 కిలోమీటర్లు ఎక్కుడే.

• కాల్వ గట్టు చాలావరకు మట్టి దారి. వాన పడితే బురద అవుతుంది. సన్నటి టైర్ల సైకిల్ పనికిరాదు.

• సొరంగాల కోసం సైకిల్‌కు దీపం తప్పనిసరిగా పెట్టుకోండి. కాల్వ వైపు 3,118 అడుగుల పా పా సొరంగం లోపల చీకటిగా, గట్టు ఇరుకుగా ఉంటుంది. సైకిల్ దిగి నడవడం మంచిది.

• తిరుగు ప్రయాణానికి ఆమ్‌ట్రాక్ రైలు ఉంది. వాషింగ్టన్, కంబర్లాండ్, కానల్స్‌విల్, పిట్స్‌బర్గ్‌లలో ఆగుతుంది. సైకిల్‌కు ముందే చోటు బుక్ చేసుకోవాలి.

• వరదలు, కొండచరియలు, మరమ్మతుల వల్ల అప్పుడప్పుడు కొన్ని ముక్కలు మూసేస్తుంటారు. బయల్దేరే ముందు రెండు దారుల అధికారిక వెబ్‌సైట్లలో ఆ వారం పరిస్థితి చూసుకోండి.